ఎర్రమూత గొట్టంలో మగమనిషి

నా రిటైర్మెంటు సభలో నేనొక కథ చెప్పాను. భుజం మీద శాలువా, చేతిలో మైకు, ఎదురుగా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు. ఈ మూడూ ఒక్కచోట కుదిరినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం నాబోటివాడి వల్ల అయ్యే పని కాదు.

“సముద్రంలోంచి వచ్చిన ఎముక. మిషను ఆడమనిషి అంది. నేను గ్రాఫు వంక ఒక్క చూపు చూశాను. కుర్చీలోంచి లేచాను. కాదు, ఇతను మగవాడు అన్నాను” అని చెప్పాను. చప్పట్లు మోగాయి. రెండో వరసలో ఉన్న అరుణ మాత్రం కొట్టలేదు. నా వంక చూసి చిన్నగా నవ్వింది. అరుణ నా కింద పనిచేసిన సైంటిస్టు. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటోంది. ఆ నవ్వు విజయనగరంలో మా ఇంటిదాకా నాతోపాటే వచ్చింది.

ఇప్పుడా కథని శిక్షణ తరగతుల్లో పాఠంగా చెబుతున్నారట. అబద్ధం నా దగ్గర ఉన్నన్నాళ్లూ ముచ్చటగానే ఉంటుంది. పాఠమైపోతే మనుషుల్ని ముంచుతుంది. అందుకని ల్యాబులో చేరిన మీకోసం అసలు జరిగింది రాస్తున్నాను. నేను కుర్చీలోంచి లేచిన మాట నిజమే. టీ తాగడానికి లేచాను.

రంగుమూతలు

ఫోరెన్సిక్ ల్యాబులో ముప్పై మూడేళ్లు చేశాను. అందులో చివరి పంతొమ్మిదేళ్లు డీఎన్ఏ విభాగంలో. గ్రాఫు నీడ చూసి మనిషి ఊరు చెప్పేవాణ్ణని మా బావమరిది దగ్గర కోతలు కోసేవాణ్ణి. నిజానికి మొదటి రెండేళ్లూ పక్కవాడి భుజం మీదనుంచి తొంగిచూసి నేర్చుకున్నాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మన మిషను ఆడా మగా అని ఎలా చెబుతుందో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా పదేళ్లు పోయాక మరిచిపోతారు. పంటి మీద గట్టి పొర ఉంటుంది కదా, ఆ పొర కట్టడానికి పనికొచ్చే ఒక జన్యువు ఉంది. అది ఎక్స్ క్రోమోజోము మీద ఒకటి, వై మీద ఒకటి ఉంటుంది. ఎక్స్ మీదున్నదాంట్లో ఆరు అక్షరాలు తక్కువ. అంచేత గ్రాఫులో ఆడవాళ్లకి ఒకే శిఖరం కనిపిస్తుంది, మగవాళ్లకి పక్కపక్కన రెండు. ఇంతే. మగవాణ్ణి మగవాడిగా చేసే జన్యువు వేరు, అది వై మీద ఇంకోచోట ఉంది. మనం చూసేది పంటి సంగతి. పన్ను చూసి మనిషిని చెబుతున్నామన్నమాట.

నేనేం చేశానంటే, ఈ ఒక్క శిఖరం ఆధారంగా ఒక పద్ధతి పెట్టాను. రెండు శిఖరాలొస్తే ఆ నమూనా ఉన్న గొట్టానికి నీలిమూత, ఒకటే వస్తే ఎర్రమూత. నీలిమూతలు ఒక ర్యాకులో, ఎర్రమూతలు ఇంకో ర్యాకులో. తప్పిపోయిన మగవాళ్ల జాబితా వస్తే నీలి ర్యాకు తీస్తాం, ఆడవాళ్ల జాబితా వస్తే ఎర్ర ర్యాకు. సగం పని తగ్గిపోయింది. ఎవరైనా పెద్ద అధికారి ల్యాబు చూడ్డానికొస్తే ముందు ఆ ర్యాకుల దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి. ఈ పద్ధతి దేశంలో ఇంకెక్కడా లేదని చెప్పేవాణ్ణి. లేదో ఉందో నేనెప్పుడూ కనుక్కోలేదు.

డాక్టరు గారి ‘బహుశా’

నాగావళి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఒక శవం ఒడ్డుకొచ్చింది. నీళ్లలో మూడు వారాలపైనే ఉన్నట్టుంది. చేపలు, పీతలు తినగా మిగిలినది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ డాక్టరు పోస్టుమార్టం చేసి, కటి ఎముకను బట్టి ‘బహుశా పురుషుడు’ అని రాశారు. శవాన్ని ఏటి ఒడ్డున పాతిపెట్టించి, తొడ ఎముక ముక్కా ఒక పన్నూ మాకు పంపించారు.

మా గ్రాఫులో ఒకే శిఖరం వచ్చింది. మిగతా చోట్లన్నీ చక్కగా, నిండుగా వచ్చాయి. ఎముక పాడైపోయి వై రాలేదనుకోవడానికి కూడా సందు లేదు. ఎర్రమూత పెట్టాం. ‘స్త్రీ’ అని రాసి సంతకం చేశాను.

అక్కడితో ఊరుకున్నానా? డాక్టరు గారికి ఫోన్ చేశాను.

“మీ ‘బహుశా’కి మా గ్రాఫులో చోటు దొరకలేదండీ” అన్నాను. పక్కన ఇద్దరు జూనియర్లు వింటున్నారని కొంచెం గట్టిగానే అన్నాను.

“ఎముక నాతో అలా అనలేదండీ. సరే, మీ మిషను పెద్దది” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

నడుముకు తాడు

ఇకనుంచి జాగ్రత్తగా వినండి. ఒక తప్పు ఒంటరిగా ఉండదు, చుట్టాల్ని పిలుచుకుంటుంది.

పోస్టుమార్టం కాగితంలో ఒక వాక్యం ఉంది: ‘నడుము చుట్టూ నైలాన్ తాడు, ముడితో సహా తీసి భద్రపరచడమైనది.’ శవం మగవాడిదనుకున్నన్నాళ్లూ ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా రిపోర్టు వెళ్లాక అది ఒక్కసారి లేచి కూర్చుంది. ఆడమనిషి. నడుముకి తాడు. సముద్రంలో శవం. పోలీసులు ఇంకేమనుకుంటారు? ఎవరో కట్టేసి నీళ్లలో పడేశారనుకున్నారు. ప్రమాద మరణం కాస్తా హత్య కేసయింది. తాడును కూడా మా ల్యాబుకే, పక్క విభాగానికి, పంపించారు.

రాజాం దగ్గర ఒక దర్జీ భార్య అంతకు నెలరోజుల ముందే అలిగి ఎక్కడికో వెళ్లిపోయిందట. అతన్ని వారం వారం స్టేషనుకి పిలిచి కూర్చోబెట్టారు. ఆమె తల్లి రక్తం మాకొచ్చి, ఈ శవం ఆమెది కాదని మేం తేల్చేసరికి, ఊళ్లో అతని దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. నా ఒక్క మాట అంత దూరం నడిచింది. నాకు మాత్రం అప్పట్లో భలే కేసు పట్టామనే అనిపించింది. దాచడమెందుకు, తాడు సంగతి క్యాంటీనులో నేనే నాలుగుసార్లు వర్ణించి చెప్పాను. నాలుగోసారికి దానికి రెండు ముళ్లు కూడా ఎక్కువయ్యాయి.

గేటు దగ్గర నూకాలమ్మ

అయిదు నెలలు గడిచాక ఒక పొద్దున్న మా గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. కళింగపట్నానికి ఉత్తరాన ఒక రేవు ఊరి నుంచి వచ్చారు. ఆమె పేరు నూకాలమ్మ, ముప్పై ఏళ్లుండవు, చంకలో ఏడాది పిల్లాడు. పక్కన ఆమె మామ ఎల్లయ్య, తెల్లటి గుబురు మీసాలు. ఆమె భర్త దానయ్య వేటకెళ్లినప్పుడు పడవ బోల్తా పడింది. మిగతావాళ్లు ఈది బయటపడ్డారు. దానయ్య రాలేదు.

శవం దొరికిన కబురు వాళ్లకి అందేసరికే పాతిపెట్టేశారు. ల్యాబు రిపోర్టు వచ్చాక చెబుతామని స్టేషనులో అన్నారట. రిపోర్టు వచ్చింది. ‘ఆడమనిషి, మీవాడు కాదు, వెళ్లండి’ అన్నారు. అయినా ఆమె వదల్లేదు. తాడు మా దగ్గరుందని ఒక కానిస్టేబులు జాలిపడి చెబితే రైలెక్కి వచ్చేసింది.

రూలు ప్రకారం వాళ్లని లోపలికి రానివ్వకూడదు. నేను పెద్ద మనసుతో పిలిపించానని రాద్దామనుకున్నాను. కాదు, గేటు దగ్గర గొడవవుతోందని పిలిపించాను.

“తాడు సూపించండి బాబూ” అంది కూర్చోకుండానే.

“అది కేసు వస్తువమ్మా, చూపించకూడదు.”

“సూపించొద్దులెండి. నాను సెప్తాను, మీరే సూసుకోండి. ఆకుపచ్చ వలదారం, రెండు పేటలు. దాంట్లోన నల్లపేట ఒకటి కలిపినాడు. మొలతాడంటే నల్లగుండాలి గానీ ఇదేటిరా అని మా అత్త తిట్టింది, ఆయమ్మ నోరు ముయ్యడానికి కలిపినాడు. ముడి ఎడంపక్కన ఉంటాది, తెడ్డేసినప్పుడు ఒత్తుకోకుండా. వల అల్లే ముడి.”

నా బల్ల మీద పక్క విభాగం వాళ్ల రిపోర్టు ఉంది. ఆకుపచ్చ నైలాన్ రెండు పేటలు, నలుపు ఒకటి. నేను దాన్ని మెల్లిగా తిరగేసి పెట్టాను.

“అలాంటి దారం రేవుల్లో అందరి దగ్గరా ఉంటుందమ్మా. ఆ శవం ఆడమనిషిది. మిషను చెప్పింది.”

ఆమె నా వంక చూసింది. కోపం లేదు. బడికి కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

“ఆడమనిసి మొలతాడు కట్టుకుంటాదేటి బాబూ?”

గదిలో నేను, నా ఇద్దరు జూనియర్లు, ఎల్లయ్య, నలుగురం మగవాళ్లం ఉన్నాం. అందరికీ నడుముకి మొలతాడు ఉంది. నా చొక్కా కింద నాదీ ఉంది, మా అమ్మ కట్టిన అలవాటు. అయిదు నెలలుగా ఆ ‘నైలాన్ తాడు’ మీద మేం రిపోర్టులు రాశాం, ఫోటోలు తీశాం, తెగేదాకా లాగితే ఎంత బరువాపుతుందో కూడా లెక్కగట్టాం. మొలతాడు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఆడమనిషి అని ముందే రాసుకున్న కళ్లకి మొలతాడు కనిపించదు.

“ఉన్నాడని సెప్పండి, లేడని సెప్పండి” అందామె. “రోజూ పొద్దున్న అద్దం ముందర నిలబడతన్నాను. బొట్టు కాడికి సెయ్యి ఎల్లి ఆగిపోతంది. మావ ఒడ్డున కూకుండిపోతన్నాడు, ఏ పడవొచ్చినా లెగిసి సూస్తాడు. ఇలాగ ఎన్నాళ్లు?”

ఎల్లయ్య ముందుకొచ్చాడు. “ఆడు ఆ గొయ్యిలో ఉంటే ఇంటికి తెచ్చుకుంటాం బావూ. అంతే” అన్నాడు.

నా బదులు ఎవులిస్తారు?

కోర్టు ద్వారా అనుమతి తెప్పించి ఎల్లయ్య రక్తం తీయించాం. తండ్రి రక్తంతో ఎముకని పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది. తేలింది కూడా. ప్రతి చోటా సగం కలిసింది. ఆ రక్తం ఇచ్చిన మనిషికి ఈ ఎముక బిడ్డే. సందేహం లేదు.

ఇబ్బంది ఒక్కటే. ఎల్లయ్య పేరున్న గొట్టంలో కూడా ఒకే శిఖరం వచ్చింది. మిషను ప్రకారం ఎల్లయ్య ఆడది.

తెలివైనవాడైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను సభలో చెప్పిన కథలో ఇక్కడే కుర్చీలోంచి లేచాను. వాస్తవానికి నేను తేల్చుకున్నది ఇది: సూదికి భయపడి ముసలాయన తన బదులు ఎవరో ఆడమనిషిని కూర్చోబెట్టాడు. రక్తం తీసిన మా టెక్నీషియను తవిటిరాజు ఫోటో చూడకుండా పేరు రాసేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క మాట పడని తవిటిరాజుకి మెమో ఇచ్చాను. ఎల్లయ్యని మళ్లీ పిలిపించాను.

“పెద్దాయనా, నిజం చెప్పండి. మీ బదులు రక్తం ఇచ్చిందెవరు?”

“నా బదులు నా రగతం ఇంకెవులిస్తారు బావూ?”

“పోనీ, రక్తం మీదే అయితే ఆ ఎముక మీ కూతురిదవ్వాలి. మీకు కూతుళ్లున్నారా?”

“ఆడపిల్లలు నేరు. ఇద్దరూ మగగుంటలే. ఒకడు సిన్నప్పుడే పోనాడు.”

“బయటెక్కడైనా…”

“బయటేటి?”

నూకాలమ్మకి ముందు అర్థమయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మావా, నీకు ఇంకో సంసారం ఉన్నాదేటని అడుగుతన్నారు” అంది.

ఎల్లయ్య నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత ఒళ్లంతా ఊగేలా నవ్వాడు. “ఓలమ్మ! ఒక్క దానికే తిండి పెట్టలేక సచ్చినాను. నా మీద మీకెంత నమ్మకం బావూ!”

వాళ్లిద్దరూ అన్ని నెలల్లో నవ్వింది అప్పుడేనని నూకాలమ్మ తర్వాత చెప్పింది. ఆ ఒక్క మేలూ నేను తెలియక చేసింది.

అప్పటికప్పుడు డాక్టర్ని పిలిపించి, నా ఎదురుగా, నేను కన్నార్పకుండా చూస్తుండగా రక్తం తీయించాను. గొట్టం మీద పేరు నేనే రాశాను. మర్నాడు గ్రాఫు వచ్చింది. ఒకే శిఖరం.

గ్రాఫు ఎదురుగా నేను, గుమ్మం బయట బెంచీ మీద మీసాలు దువ్వుకుంటూ ఎల్లయ్య.

రాయి కడుగు

మా నాన్నకి రాజాంలో కిరాణా కొట్టు ఉండేది. బెల్లం తూచే తూకంరాళ్లకి బెల్లం అంటుకుని బరువు పెరుగుతుంది. “తూకం తేడా వస్తే కొనేవాణ్ణి అనకు, సంచీని అనకు. ముందు రాయి కడుగు” అనేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కనక కొనేవాణ్ణీ అన్నాను, సంచీనీ అన్నాను. ఎల్లయ్యని అన్నాను, తవిటిరాజుని అన్నాను, తాడు సంగతి చెప్పిన కానిస్టేబుల్నీ అన్నాను. రాయి వంక చూడలేదు.

చూసింది అరుణ. నాతో వాదించలేదు. ఎముకనీ ఎల్లయ్య రక్తాన్నీ వై మీద మాత్రమే వెదికే వేరే కిట్టుతో పరీక్ష చేసింది. దానయ్య కొడుకు బుగ్గలోంచి తీసిన దూదిపుల్లని కూడా చేసింది. మూడు గ్రాఫులూ తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పరిచింది.

మూడింట్లోనూ వై ఉంది. నిక్షేపంలా ఉంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లాడికి, అచ్చు దిగినట్టు ఒకటే. ఒక్క చోట మాత్రం మూడింట్లోనూ ఖాళీ.

“ఇక్కడ వై మీద ఒక ముక్క ఎగిరిపోయింది సార్” అంది. “మన పంటి జన్యువు కూడా ఆ ముక్కలోనే ఉంటుంది. మన కిట్టు వై ఇంటికి వెళ్లి ఒకే గుమ్మం దగ్గర తలుపు కొడుతుంది. ఈ ఇంటికి ఆ గుమ్మం లేదు. మనం ఇంట్లో మనుషులే లేరని రాసేశాం.”

ఆ ముక్క లేకపోతే మనిషికేమీ కాదు. పళ్లు బాగానే ఉంటాయి, పిల్లలు పుడతారు, మీసాలొస్తాయి. మన దేశంలో అక్కడక్కడా కొన్ని కుటుంబాల్లో మగవాళ్లకిలా తరతరాలుగా వస్తుందని పత్రికల్లో రాశారు. మా అలమరలోనే ఆ పత్రికలున్నాయి. వాటిని కొనమని సంతకం పెట్టిందీ నేనే, విప్పనిదీ నేనే.

అరుణ చెప్పాక కూడా నేను పదకొండు రోజులు తాత్సారం చేశాను. కిట్టు తయారుచేసినవాళ్లకి ఉత్తరం రాద్దామన్నాను, మరోసారి చేద్దామన్నాను. అసలు కారణం ‘స్త్రీ’ అన్న మాట కింద ఉన్న సంతకం. ఆ పదకొండు రోజులూ నూకాలమ్మ అద్దం ముందు నిలబడుతూనే ఉంది. నా ఉద్యోగం మొత్తంలో నేను సిగ్గుపడేది రిపోర్టు తప్పినందుకు కాదు, ఈ పదకొండు రోజులకి.

కనబడలేదు, లేదు

మా జాయింట్ డైరెక్టరు, జేడీ గారు, ఎప్పుడూ తెల్లచొక్కా వేసే మనిషి. ఆయన గదిలోకి వెళ్లేముందు మేం చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్లం. ఆయన నన్నెప్పుడూ ఏమీ అనలేదని బయట చెప్పుకునేవాణ్ణి. వారానికోసారి అనేవారు.

“కిట్టు తప్పు చెప్పింది సార్” అన్నాను.

ఆయన గ్రాఫు చూశారు. “కిట్టు ఏం చెప్పింది?”

“స్త్రీ అని.”

“ఎక్కడ?”

గ్రాఫులో ఆ మాట లేదు. ఒక శిఖరం ఉంది, రెండోది లేదు. అంతే.

“వై శిఖరం నాకు కనబడలేదు అని కిట్టు చెప్పింది. స్త్రీ అన్నది నువ్వు. కనబడలేదనడానికీ లేదనడానికీ మధ్య ఒక మనిషి మునిగిపోయాడయ్యా” అన్నారు. సవరణ రిపోర్టు రాయించారు. ‘ల్యాబు’ అని రాసిన ప్రతిచోటా కొట్టేసి ‘నేను’ అని దిద్దించారు. మంచి అధికారి అంటే కాపాడేవాడని అనుకుంటారు. కాదు, దిద్దించేవాడు.

ఆ రోజే తవిటిరాజు మెమో వెనక్కి తీసుకున్నాను. అతను మెమో కాగితాన్ని చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఉండనీండి సార్, మీరు మెమో ఇచ్చి వెనక్కి తీసుకున్నారంటే మా ఆవిడ నమ్మదు” అన్నాడు. రంగుమూతలు తీసేయించాను. అరుణ అన్నిటికీ తెల్లమూతలు పెట్టింది.

ఇప్పటి కిట్టుల్లో వై మీద ఇంకో రెండు మూడు గుమ్మాలు కూడా తడతారు. ఇది పాత తరం గొడవ తాతగారూ అంటారు మీరు. సరే. మిషను మంచిదైనకొద్దీ మనిషికి నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగినకొద్దీ డాక్టరు రాసిన ‘బహుశా’ చదవడం మానేస్తాడు. నా జబ్బు అదే. దానికి కొత్త కిట్టు లేదు.

రెండు కాగితాలు

తహసీల్దారు ఎదురుగా ఏటి ఒడ్డున గొయ్యి తవ్వారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు గారు కూడా వచ్చారు. నేను ఆయన దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను.

“మీ ఒక్కరిదే కాదు లెండి” అన్నారాయన. “అది మొలతాడని చూడగానే తెలిసింది నాకు. అందుకే తెంపబుద్ధి కాలేదు, ముడితోనే జార్చి తీశాను. మొలతాడు అని రాద్దామనే కలం పెట్టాను. ఆఫీసు కాగితంలో ఆ మాటేం బాగుంటుందని ‘నైలాన్ తాడు’ అని రాశాను. ఆ ఒక్క మాట రాసుంటే నా ‘బహుశా’తో పనే లేకపోను.”

దానయ్యని వాళ్ల ఊరి శ్మశానానికి తీసుకెళ్లారు. కోర్టు ఉత్తర్వుతో మొలతాడు పొట్లాన్ని నేనే తీసుకెళ్లి ఇచ్చాను. పోయినవాడి మొలతాడు తెంపాలి. ఎల్లయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని ముడిని చాలాసేపు తడిమాడు. “నానే నేర్పినాను ఈ ముడి” అన్నాడు. వల కోసే చిన్నకత్తితో తెంపాడు. నూకాలమ్మ అప్పుడు ఏడ్చింది. అంతవరకు ఏడవడానికి ఆమెకి హక్కు లేకపోయింది, మా రిపోర్టు అడ్డం ఉంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఇద్దరూ మళ్లీ ల్యాబుకొచ్చారు. ఆమె నుదుట బొట్టు లేదు. ఆ నుదురు చూడలేక నేను ఫైలు వెదుకుతున్నట్టు నటించాను.

“నా మనవడికి కూడా మీ మిషను ఇలాగే సూపిస్తాదేటి బావూ?” అన్నాడు ఎల్లయ్య.

“చూపిస్తుంది పెద్దాయనా. కానీ వాడికేం లోపం లేదు. నికార్సయిన మగపిల్లాడు.”

“అది నాకు ఎరికే. స్టేసనులో ఎవుడో వాగినాడు, ఊరంతా నన్ను ఎల్లమ్మత్తా అంటన్నారు. అంటే అననీ, నాలుగు రోజులకి ఆళ్లే మానేస్తారు. నానడిగేది అది గాదు. ఆడు పెద్దయితే ఏటకే ఎల్తాడు. మాకింకేటుంది? అప్పటికి నాను ఉండను, మీరూ ఉండరు. ఆడికేదైనా అయితే మళ్లీ ఆడమనిసని ఇసక తవ్వి కప్పెట్టెయ్యరా?”

నేను కుర్చీలో వెనక్కి వాలాను.

“ఏదైనా కాయితం మీద రాసియ్యండి బాబూ” అంది నూకాలమ్మ.

అలాంటి కాగితం ఇచ్చే రూలు లేదు, నమూనా లేదు. జేడీ గారిని అడగలేదు. తెల్లకాగితం తీసుకుని చేత్తో రాశాను:

‘ఈ ఇంటి మగవాళ్ల డీఎన్ఏలో వై మీద ఒక ముక్క ఉండదు. అందువల్ల మిషను వీళ్లని స్త్రీలుగా చూపుతుంది. మిషను మాట నమ్మవద్దు. వై పరీక్ష చేయండి. నేను ఒకసారి నమ్మి తప్పు చేశాను.’

కింద ఆ ఖాళీ ఉన్నచోటు గుర్తు, ఊరి పేరు, నా సంతకం.

నూకాలమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. మడిచి, బోటు కాగితాలు పెట్టే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. గుమ్మందాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

“ఇంకోటి రాసి మీకాడ కూడా ఉంచండి బాబూ. మాది గట్టుమీది ఇల్లు, తుపానొస్తే తడిసిపోతాది.”

రెండోది రాసి ఉంచాను. ఆ పిల్లాడికి ఇప్పుడు పదకొండేళ్లు, ఒడ్డు దగ్గర్లో అప్పుడే తెడ్డు వేస్తున్నాడట.

నా ఉద్యోగంలో ఆఖరి రోజున, శాలువా సభకి వెళ్లేముందు, ఆ కాగితం ఉందో లేదో చూశాను. అరుణ గది పక్కనున్న ఇనపబీరువాలో, మూడో అరలో, తెల్లమూతల పెట్టె కింద ఉంది. ఈ రాసినదంతా మరిచిపోయినా ఫరవాలేదు, కొంచెం కోతలు కూడా కోశాను. రేపు పొద్దున్న ల్యాబుకి వెళ్లగానే ఆ పెట్టె ఒక్కసారి ఎత్తి చూడండి.